దుంపలు ఉడుకుతుండగా...

సినిమాకి వెళ్ళడం వేరు, సినిమా ఉత్సవానికి వెళ్ళడం వేరు. సినిమాకైతే ఇంటిల్లిపాదీ కదులుతాం. టిక్కెట్టు దొరికిందా, సీటు ఫ్యాను కింద వచ్చిందా, ఇంటర్వెల్లో సమోసా వేడిగా ఉందా అన్నవి చూసుకుంటాం. ఉత్సవానికైతే మెళ్ళో పాసు వేలాడదీసుకుని, చేతిలో కాగితం పట్టుకుని, ఏది ఎన్నింటికో పెన్నుతో గుర్తులు పెట్టుకుంటూ, పరీక్షకి వెళ్ళినట్టు వెళతాం. పాటలుండవు. చాలావాటికి ఇంటర్వెల్లూ ఉండదు. కింద అక్షరాలు చదువుకోవాలి, పైన బొమ్మ చూడాలి. రెండూ ఒకేసారంటే పచ్చడి నూరుతూ పిల్లాడికి ఎక్కాలు ఒప్పజెప్పించుకోవడం లాంటిది. మొదటి గంట ప్రాణం మీదికొస్తుంది, ఆ తర్వాత చేస్తున్నట్టే తెలియదు.

హైదరాబాదుకి ఈ ఉత్సవాలు కొత్తేం కాదు. 1986లో ఫిల్మోత్సవ్ ఇక్కడ జరిగింది. 1999 జనవరిలో భారత అంతర్జాతీయ చలన చిత్రోత్సవం కూడా ఇక్కడికే వచ్చింది. 2004లో అది గోవా వెళ్ళి అక్కడే స్థిరపడిపోయింది. నేను చూసిన మొట్టమొదటి ఉత్సవం మాత్రం అంత గొప్పది కాదు. జెండాలూ, దీపప్రజ్వలనాలూ లేవు. 2002 ఫిబ్రవరిలో, నేను ఎం.ఏ. చదువుతుండగా, ఒక ఫిలిం క్లబ్బు వాళ్ళు ఊళ్ళో ఒక చిన్న హాలు అద్దెకి తీసుకుని నాలుగు రోజులు నడిపారు. మొత్తం పదకొండు సినిమాలు. అన్నీ ఆడవాళ్ళు డైరెక్టు చేసినవే. మా హాస్టలు నించి అయిదుగురం బయల్దేరాం. అందులో ఒక గుంటూరు అమ్మాయి, ఒక కరీంనగర్ అమ్మాయి, సైకాలజీ చదివే పిల్ల ఒకర్తె ఉన్నారు. అయిదో అమ్మాయికి సినిమాల గోల లేదు గాని, వార్డెనమ్మ మమ్మల్ని పంపాలంటే వెంట ఆమె ఉండాలి. అంత మంచిపేరు ఆమెది.

ఆడవాళ్ళు తీసిన సినిమాలంటే మాకు తెలియకపోలేదు. భానుమతిగారు 1953లోనే ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తనే డైరెక్టు చేశారు. విజయనిర్మలగారు నలభైకి పైగా సినిమాలు తీసి గిన్నిస్ బుక్కులోకే ఎక్కారు. ఆవిడ ‘మీనా’ 1973లో వచ్చింది, యద్దనపూడి సులోచనారాణిగారి నవల. మా అమ్మ తరం ఆ నవలని ముందే చదివేసుకుని, హాలుకి వెళ్ళి ఒక్కో సీనూ సరిచూసుకుంది. వారం వారం నవల కోసం కాచుక్కూచున్న ఆడవాళ్ళ వల్లనే కదా ఇక్కడ అలాంటి సినిమాలు పుట్టాయి! వాళ్ళని తక్కువ చేసి, పరాయి దేశం వాళ్ళని నెత్తిన పెట్టుకోవడానికి ఇది రాయడం లేదు. వాళ్ళు సినిమాని నడిపించాలి, హాలు నిండాలి, కొన్నవాళ్ళకి డబ్బులు రావాలి. ఇన్నిటి మధ్య ఒక ఆడది కెమెరా వెనక నిలబడ్డమే ఎంతో. అయినా వంటింట్లో గడిచే టైముని అలాగే చూపించడం అన్నది మాత్రం ఎవరికీ కుదరలేదు. వంట చూడ్డానికి టిక్కెట్టెవరు కొంటారు?

మొదటి రోజు అపర్ణాసేన్ ‘36 చౌరంఘీ లేన్’ వేశారు. 1981 నాటిది, ఆవిడ డైరెక్టు చేసిన మొదటి సినిమా. షేక్స్పియర్ పాఠాలు చెప్పే ఒంటరి ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ, ఆవిడ ఫ్లాటుని తమ ఏకాంతానికి వాడుకునే పడుచు జంట. జెన్నిఫర్ కెండాల్ని చూస్తే స్కూల్లో మనకి ఇంగ్లీషు చెప్పిన టీచర్లందరూ గుర్తొస్తారు. గుంటూరమ్మాయి కళ్ళు తుడుచుకుంది. అందరికీ నచ్చింది కాబట్టి దాని మీద మాకు మాటలే పెరగలేదు.

రెండో రోజు ఇరాన్ సినిమా, మర్జియే మెష్కినీ 2000లో తీసిన ‘నేను స్త్రీనైన రోజు’. కిష్ అనే దీవిలో మూడు చిన్న కథలు. తొమ్మిదేళ్ళు నిండిన పిల్ల ఇక మీదట చాదర్ కప్పుకోవాలి, మగపిల్లలతో ఆడకూడదు. పుట్టింది మధ్యాహ్నం కాబట్టి అప్పటిదాకా ఆడుకోనిమ్మని బతిమాలుకుంటుంది. ఇసకలో పుల్ల గుచ్చి, నీడ ఎంత తగ్గిందో చూసుకుంటూ ఆడుకుంటుంది. రెండో కథలో నల్లచాదర్లు కట్టుకున్న ఆడవాళ్ళు సముద్రం పక్కన సైకిళ్ళ పందెంలో ఉంటారు. ఒకామె మొగుడు గుర్రం మీద వెంబడించి, దిగకపోతే విడాకులంటాడు. తర్వాత మతగురువు వస్తాడు, తండ్రి వస్తాడు, పెద్దలొస్తారు. ఆమె తొక్కుతూనే ఉంటుంది. మూడోది ముసలామెది. జన్మంతా కొనుక్కోలేనివన్నీ ఒకే రోజున కొనేసి, ఫ్రిజ్జూ మంచాలూ అన్నీ సముద్రపు ఒడ్డున పరిపిస్తుంది. ఏవేం కొనాలో మర్చిపోకుండా వేళ్ళకి గుడ్డపేలికలు కట్టుకుంటుంది. ఒక్క పేలిక మిగిలిపోతుంది, అదెందుకో గుర్తు రాదు. కొంగుకి ముడేసుకునే మన అమ్మమ్మల్ని చూసినవాళ్ళకి ఆ పేలిక సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ సైకిలు కథ అయిపోయాక కరీంనగర్ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. ఇంటర్ చదివేటప్పుడు రోజూ ఆరు కిలోమీటర్లు సైకిలు తొక్కి వెళ్ళేదిట. మూడో రోజు తిరగబడింది కూడా ఆ అమ్మాయే.

మూడో రోజు వేసింది బెల్జియం సినిమా. షాంతాల్ అకర్మన్ అనే ఆవిడ పాతికేళ్ళు నిండకుండా తీసింది, 1975లో. పేరు ‘జాన్ దీల్మన్’, ఆ వెనకే వీధీ, ఇంటి నంబరూ, పిన్‌కోడూ. అంటే సినిమా పేరే పోస్టుకవరు మీద అడ్రసులా ఉంటుంది. నిడివి మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు. మా వాళ్ళు రెండు వీడియో క్యాసెట్ల మీద వేశారు.

కథ చెప్పమంటే మూడు ముక్కలు. భర్త పోయిన ఒక మధ్యవయసు ఇల్లాలు, చదువుకునే కొడుకు. మూడు రోజులు ఆమె ఇల్లు దిద్దుకోవడం. పక్క మడత పెట్టడం, కొడుకు బూట్లు తుడవడం, కాఫీ కలపడం, గిన్నెలు తోమడం, బజారుకెళ్ళి రావడం, రాత్రికి సూపూ, దుంపలూ, మాంసమూ. ఏ గదిలోంచి బయటికొచ్చినా లైటు ఆర్పేస్తుంది. కరెంటు బిల్లు సంగతి తెలిసిన మనిషి! రోజూ మధ్యాహ్నం ఒక మగమనిషి వస్తాడు. తలుపు మూసుకుంటుంది. వెళ్తూ అతనిచ్చిన డబ్బు తెచ్చి, భోజనాల బల్ల మీది సూపు గిన్నెలో వేసి మూత పెడుతుంది. ఆ కాసేపట్లో పొయ్యి మీద దుంపలు ఉడుకుతుంటాయి. ఆ డబ్బు కూడా ఇంటిపనుల్లో ఒకటన్నట్టే ఉంటుంది తప్ప, కెమెరా దాని వంక వేరే చూపు చూడదు.

కెమెరా అసలు కదలదు. మనిషి మొహం మీదికి దూసుకెళ్ళదు, వెనకనించి తొంగిచూడదు. ఎదురుగా ఒకచోట కూర్చుంటుంది, అంతే. అకర్మన్ పొట్టి మనిషి, కెమెరాని తన కళ్ళెత్తుకే పెట్టించింది. కెమెరా నడిపింది కూడా ఆడమనిషే, బాబెట్ మాంగోల్ట్. గిన్నెలు తోమితే ఆ గిన్నెలన్నీ అయ్యేదాకా మనమూ కూర్చోవలసిందే. ఆమె వీపూ, మోచేతుల కదలికా తప్ప మరేం కనబడదు.

అరగంటకి హాల్లో దగ్గులు మొదలయ్యాయి. ముప్పావు గంటకి మడత కుర్చీలు టపటపా లేచాయి. క్యాసెట్టు మార్చడానికి లైట్లేస్తే సగం హాలు లేదు. చిత్రమేమిటంటే, ఈ సినిమాని 1975లో కాన్స్‌లో మొదటిసారి వేసినప్పుడు కూడా జనం ఇలాగే లేచి వెళ్ళిపోతుంటే కుర్చీల చప్పుడు తనకి వినిపించిందని ఆ డైరెక్టరే తర్వాత చెప్పుకుంది. కాన్స్ కుర్చీలైనా మా హాలు కుర్చీలైనా చప్పుడు ఒకటే కాబోలు.

వెళ్ళినవాళ్ళలో మా కరీంనగర్ అమ్మాయీ ఉంది. సినిమా అయ్యాక వెతుక్కుంటూ వెళితే ఇరానీ హోటలు మెట్ల మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే అందుకుంది.

“గిదేం సిన్మనే? పొద్దుగాల లేస్తె పండేదాంక మా అమ్మ చేసేది ఇదేగద. ఇది సూస్తానికి పైసలిచ్చి రావాల్నా?”

“అట్టా అంటావేందే, ఎవరూ చూడటంలా అనేగా ఆమె తీసింది!” అంది గుంటూరమ్మాయి.

సైకాలజీ పిల్ల ఇదేదో జబ్బని తేల్చేసింది. దానికో పేరు కూడా చెప్పింది. సైకాలజీ చదివేవాళ్ళతో చిక్కే ఇది, మనిషికి పేరు పెట్టేశాక ఇంక మనిషిని చూడరు.

కరీంనగర్ అమ్మాయి టీ చల్లారిపోతున్నా తాగకుండా ఇంకో మాట అంది. “మా అమ్మ ఇంట్ల పనంత అయినంక బీడీలు చుడ్తది. దినాం వెయ్యి. గా పని మూడు గంటలు తీస్తరా ఎవలన్న? తీస్తే గీళ్ళు కూసొని సూస్తరా?”

ఆ ప్రశ్నకి మెట్ల మీద ఎవరమూ జవాబు చెప్పలేదు. ఇరవై ఏళ్ళు దాటినా నా దగ్గర జవాబు లేదు. ఆ సినిమా గురించి నేను చదివిన పొగడ్తల్లో ఒక్కటి కూడా ఆ ప్రశ్న దాకా రాలేదు. జాన్ దీల్మన్‌కి ఫ్లాటుంది, వేణ్ణీళ్ళు వచ్చే కుళాయి ఉంది, తలుపు మూసుకోవడానికి గది ఉంది. విసుగు పుట్టేటంత క్రమంగా రోజు గడపాలన్నా ముందు అంత ఇల్లుండాలి కదా.

అయినా ఆ అమ్మాయి వెళ్ళిపోయాక రెండో క్యాసెట్టులో జరిగిందేమిటో చెప్పాలి. రెండో రోజు మధ్యాహ్నం గది తలుపు తెరుచుకున్నాక ఆమె జుట్టు కాస్త రేగి ఉంటుంది. ఎప్పుడూ ఆర్పే లైటు ఆర్పదు. వంటింట్లోకి వచ్చి మూత తీస్తే దుంపలు ఉడుకు మించిపోయి ఉంటాయి. ఆ గిన్నె పట్టుకుని వంటింట్లోంచి బయటికీ, బయట్నించి లోపలికీ తిరుగుతుంది. ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పారేయాలో తోచదు. తర్వాత కొత్త దుంపలు కొనుక్కొచ్చి, కూర్చుని తొక్క తీస్తుంది. ముందు రోజు అంత నింపాదిగా పనిచేసిన చేతులు ఇప్పుడు కత్తిని ఎలా లాగుతున్నాయో చూడండి. సంగీతం లేదు, కన్నీళ్ళు లేవు, ఒక్క మాట లేదు. నా ఒళ్ళు జలదరించింది.

ముందు గంటన్నర అంత నెమ్మదిగా ఎందుకు నడిచిందో అప్పుడు తెలుస్తుంది. ఆ ఇంటి వరస మనకి ఒంటబట్టాలి. మూత ఎక్కడ పెడుతుందో, బ్రష్షు ఎక్కడుంటుందో మనకే తెలిసిపోవాలి. అప్పుడు మూడో రోజు ఆ బ్రష్షు చేజారి కింద పడితే మన గుండె గతుక్కుమంటుంది. పోస్టాఫీసుకి గంట ముందే వెళ్ళిపోయి మూసిన తలుపు ముందు నిలబడితే భయమేస్తుంది. కొడుకు కోటుకి ఊడిన ఒక్క బొత్తాం కోసం కొట్టు కొట్టూ తిరిగి, జత దొరక్క ఇంటికొస్తే దిగులు పుడుతుంది. హత్యల సినిమాలో కత్తి చూస్తే పుట్టే గాభరాని ఇక్కడ ఒక బొత్తాం పుట్టిస్తుంది. ఏమీ జరగలేదు అన్న సినిమాలో ఇంత జరిగింది!

మన సినిమాల్లో వంటిల్లు లేక కాదు. పెళ్ళిచూపులకి కాఫీ కప్పులు అక్కణ్ణించే వస్తాయి. కొడుక్కి అమ్మ ముద్దలు కలిపి పెట్టేదీ అక్కడే. కోడలి మీదికి కిరసనాయిలు స్టవ్వు పేలిందీ అక్కడే. వంట మాత్రం ఉండదు. దానికెంతసేపు పడుతుందన్నది ఉండదు. నవలల్లోనూ అంతే. ‘ఆమె వంట ముగించి వచ్చి కూర్చుంది’ అని రాసి పక్క పేరాకి వెళ్ళిపోతాం. ఆ ‘ముగించి’ అన్న మాటలో రెండున్నర గంటలున్నాయి. అదంతా రాస్తే ఏ ఎడిటరూ వేసుకోడు, వేసినా మీరు చదవరు, అది నాకూ తెలుసు. సత్యజిత్ రే ‘చారులత’లో కలిగినింటి ఇల్లాలికి పొద్దుపోకపోవడాన్ని మొదట్లోనే ఏడెనిమిది నిమిషాల్లో, దాదాపు మాటలే లేకుండా చూపించి మనసు దోచుకున్నాడు. అది తీరిక. తీరికని అందంగా చూపించొచ్చు. పనిని అందంగా చూపించకుండా, అసహ్యంగానూ చూపించకుండా, ఎంతసేపు పట్టేది అంతసేపూ చూపించడానికి మొండితనం కావాలి. అకర్మన్‌కి ఆ చేతుల కదలికలు చిన్నప్పుడు తన తల్లిలో, ఇంటి ఆడవాళ్ళలో చూసినవేనట. తల్లి నటాలియా ఆష్విట్జ్ నించి ప్రాణాలతో బయటపడిన మనిషి. ఇల్లు అంత పొందిగ్గా, ఒక్క నిమిషం ఖాళీ లేకుండా దిద్దుకోవడం వెనక ఏముందో, ఇది తెలిశాక సినిమాని మళ్ళీ చూడాలనిపిస్తుంది.

2022 డిసెంబరులో బ్రిటన్‌లోని ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక ప్రపంచంలోకెల్లా గొప్ప సినిమా ఇదేనని ప్రకటించింది. పదేళ్ళకోసారి విమర్శకుల చేత ఓట్లు వేయిస్తుంది ఆ పత్రిక. 1952లో మొదటి స్థానం ‘బైసికిల్ థీవ్స్’కి వచ్చింది. ఆ తర్వాత ‘సిటిజన్ కేన్’ అయిదు సార్లు, 2012లో ‘వెర్టిగో’. ఈసారి పదహారు వందల మందికి పైగా ఓటేస్తే, మొదటిసారిగా ఒక ఆడమనిషి తీసిన సినిమా పైకొచ్చింది. ఇదెక్కడి గొప్ప అని చాలామంది చిరాకుపడ్డారు. వంకాయ గొప్పా బెండకాయ గొప్పా అన్నట్టు సినిమాలకి ర్యాంకులేమిటన్నది నా చిరాకు. కాకపోతే ఆ వార్త వచ్చిన రోజున ఆ మెట్లూ, ఆ చల్లారిన టీ గుర్తొచ్చాయన్నది నిజం.

అందరూ మెచ్చుకున్న ముగింపుతోనే నాకు పేచీ. మూడో రోజు వచ్చిన మనిషిని ఆమె కత్తెరతో పొడిచి చంపేస్తుంది. పార్సిలు తాడు కోయడానికి గదిలోకి తెచ్చుకున్న కత్తెర అది, అంచేత చూపించిన వస్తువుని వాడలేదని అనడానికి లేదు. అయినా నాకు అది దుంపల సంగతి అర్థం కానివాళ్ళ కోసం పెట్టినట్టుంటుంది. ఆమె జీవితం కూలింది గిన్నె పట్టుకుని ఎటు వెళ్ళాలో తోచక తిరిగినప్పుడే. మూడు గంటలు వార్తాపత్రికలకి ఎక్కని బతుకుని చూపించి, ఆఖర్ని వార్తాపత్రికకి ఎక్కే పని చేయించాలా? ఆ తర్వాత చీకట్లో, బల్ల ముందు, చేతికి నెత్తురుతో ఆమె ఊరికే కూర్చునే ఏడు నిమిషాలున్నాయి చూడండి, అవి మళ్ళీ సినిమాని నిలబెట్టాయి. కిటికీలోంచి వీధి దీపపు నీలివెలుగు గదిలో అల్లాడుతుంటుంది. మూడు రోజుల్లో చేతిలో ఏ పనీ లేకుండా ఆమె అంతసేపు కూర్చున్నది అప్పుడే.

2015 అక్టోబరులో అకర్మన్ చనిపోయాక, ఆ మరుసటేడు నేను ఈ సినిమా డిస్కు సంపాదించి ఇంట్లో వేశాను. అమ్మ అప్పుడు మా ఇంట్లో ఉంది. ఇంగ్లీషు అక్షరాలు చదవడం ఆవిడ వల్ల కాదు, ఈ సినిమాకి వాటి అవసరమూ అంతగా లేదు. చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ చూసింది. మేం లేచిపోయిన చోట ఆవిడ లేవలేదు. పళ్ళెం పక్కన పెట్టి, కుర్చీ ముందుకి జరుపుకుంది.

“ఆ బ్రష్షు తెచ్చిన చోట పెట్టింది, మంచి పనిమంతురాలే” అంది. మధ్యాహ్నం వచ్చే మనిషి గురించి ఒక్క ముక్కా అడగలేదు. రెండో రోజు గది తలుపు తెరుచుకోగానే, ఆమె ఇంకా వంటింట్లోకి రాకుండానే, “అయ్యో, దుంపలు!” అంది గట్టిగా. మా అయిదుగురిలో ఒక్కరికీ ఆ క్షణానికి పొయ్యి మీద గిన్నె ఉందని గుర్తు లేదు. కొత్త దుంపలు తొక్క తీస్తుంటే, “చేయి కుదరటం లేదమ్మా ఈవిడకి. ఇవాళ ఇంక ఏం ముట్టుకున్నా ఇంతే” అంది.

కత్తెర దగ్గర అమ్మ ఉలిక్కిపడలేదు, తల తిప్పుకుందంతే. ఆ ఏడు నిమిషాలూ అయి తెర మీద పేర్లు పడుతుంటే చిక్కుడు ఈనెలు కాగితంలోకి ఎత్తుతూ అడిగింది.

“ఆ పిల్లాడు కాలేజీ నించి వచ్చే వేళయింది గదా. వాడికిప్పుడు అన్నం ఎవరు పెడతారే?”